నోటి ద్వారా బ్యాక్టీరియా వ్యాక్సిన్ ఇచ్చాక చిట్టెలుకల్లో టీఎల్‌ఆర్‌-4 తగ్గితే ఏమని అర్థం చేసుకోవాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. గుంటూరులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టు. వేడితో చంపిన ఈ.కోలై, క్లెబ్సియెల్లా, స్టాఫిలోకాకస్ కలిపిన మిశ్రమాన్ని స్విస్ ఆల్బినో చిట్టెలుకలకు గవాజ్ సూదితో నోటి గుండా నేరుగా కడుపులోకి ఇచ్చారు. చివరి డోసు తర్వాత 24 గంటలకు చిన్నపేగులో టీఎల్‌ఆర్‌-2, టీఎల్‌ఆర్‌-4 (బ్యాక్టీరియా భాగాలను గుర్తుపట్టే టోల్-లైక్ గ్రాహకాలు) ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ఆ జన్యువులు పనిలో ఉన్నాయని చెప్పే నకలు, పెరిగింది. రెండు వారాలు పోయాక చూస్తే టీఎల్‌ఆర్‌-4 కంట్రోల్ గుంపుకంటే కిందికి దిగింది. టీఎల్‌ఆర్‌-5 రెండుసార్లూ కదల్లేదు. "ప్రభావం నిలవలేదని రాసెయ్" అని ల్యాబ్‌లో సీనియర్లు అన్నారు. పీసీఆర్ మిషను, ఎలైసా రీడరు తప్ప పెద్ద పరికరాలేవీ లేవు. ఇక చివర్లో, మీ అక్క కొడుక్కి మాటిమాటికీ జలుబు, దగ్గు వస్తుంటే ఇలాంటి బ్యాక్టీరియా క్యాప్సూలే రాశారని, వాడొచ్చా అని అడిగారు.

అలా రాయకండమ్మా. మీ దగ్గరున్నది సగం ఫలితం. గ్రాహకం ఎంత ఉందో కొలిచారు. ఆ గ్రాహకమున్న కణానికి బ్యాక్టీరియా మళ్లీ ఎదురైతే అది ఏం చేస్తుందో ఇంకా కొలవలేదు. వ్యాక్సిన్ పనిచేసిందో లేదో తేల్చేది ఆ రెండో కొలత. విజయవాడ పక్కన వెటర్నరీ మైక్రోబయాలజీ పాఠాలు చెబుతూ, జంతుశాల చూసుకుంటూ చాలా ఏళ్లు గడిపాను. మొదటి కొలత దగ్గరే ఆగిపోయిన థీసిస్‌లు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. మీది అలా కాకూడదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

టీఎల్‌ఆర్‌-4 పని ఏమిటో ప్రపంచానికి తెలిసింది చిట్టెలుకల వల్లే. సీ3హెచ్/హెచ్‌ఈజే అనే జాతికి ఈ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొరలో ఉండే లైపోపాలిసాకరైడ్, అంటే ఎల్‌పీఎస్, ఎంత ఎక్కించినా చలనం ఉండేది కాదు. దాని వెనకున్న జన్యువు టీఎల్‌ఆర్‌-4 అని 1998లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ బాయిట్లర్ బృందం పట్టుకుంది. 712వ స్థానంలో ప్రోలీన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ వచ్చి చేరింది, అంతే తేడా. 2011 నోబెల్‌లో బాయిట్లర్ పేరు ఉండటానికి కారణం ఇదే. అయితే ఎల్‌పీఎస్‌కు చలించని ఆ జాతే సాల్మొనెల్లా టైఫీమ్యూరియం కొద్దిపాటిగా సోకినా చచ్చిపోతుంది. గ్రాహకం పనిచేయకపోతే ప్రమాదమన్నది అక్కడ స్పష్టం. దాన్ని తిరగేసి "గ్రాహకం ఎక్కువైతే రక్షణ ఎక్కువ" అని చాలామంది అనుకుంటారు. అలా తిరగెయ్యడానికి వీల్లేదు. మీ ల్యాబ్‌లో వాళ్ల మాట వెనక ఉన్నది ఈ లెక్కే.

అసలు పేగు సంగతి ఆలోచించండి. చిట్టెలుక పెద్దపేగులో గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా కోట్లకు కోట్లు ఉంటుంది. ఎల్‌పీఎస్‌కు అక్కడ కరువేం లేదు. మీరు గవాజ్‌లో ఇచ్చింది దాని ముందు ఏపాటి? మరి టీఎల్‌ఆర్‌-4 ఎందుకు కదిలింది? ఏది ఎంత పడిందన్న దానికంటే ఎక్కడ పడిందన్నదే పేగులో ముఖ్యం. చిన్నపేగు పైభాగంలో సహజంగా బ్యాక్టీరియా పలచన. అక్కడ పేయర్స్ ప్యాచెస్ అనే రోగనిరోధక కణాల గుంపుల మీదుండే ఎమ్ కణాలు లోపలి సరుకును పట్టి కిందున్న డెండ్రిటిక్ కణాలకు అందిస్తాయి. ఎమ్ కణాల మీదుండే జీపీ-2 అనే ప్రోటీను, ఈ.కోలై టైప్-1 పిలై (ఒంటి మీది సన్నని నూగు) చివరనుండే ఫిమ్‌హెచ్‌ను పట్టుకుంటుంది. మీ ఈ.కోలై ఆ పిలై చేసే స్ట్రెయినా కాదా, వేడి చేశాక ఫిమ్‌హెచ్ చెక్కుచెదరకుండా ఉందా అన్నది ఒకసారి చూసుకోండి. వేడి ఎక్కువైతే ఆ తలుపు మూసుకుపోతుంది.

పేగు లోపలి పొర కణాల్లో గ్రాహకాలు ఏ వైపున ఉన్నాయన్నది కూడా లెక్కలోకి వస్తుంది. టీఎల్‌ఆర్‌-9ను పేగు లోపలివైపు నుంచి తాకితే కణం శాంతిస్తుంది, కింది పక్క నుంచి తాకితే మంటను రేపే ఎన్‌ఎఫ్-కప్పాబి మేల్కొంటుంది. ఒకటే గ్రాహకం, దిక్కు మారితే ఫలితం తలకిందులు. పేగు ముక్కను మొత్తంగా నూరి ఆర్‌ఎన్‌ఏ తీస్తే ఈ తేడా అంతా ఆ గొట్టంలోనే కలిసిపోతుంది.

ఇక తగ్గుదల సంగతి. మామూలుగా పుట్టిన చిట్టెలుక పిల్లలో పేగు పొర కణాలు పుట్టగానే ఎల్‌పీఎస్‌కు స్పందిస్తాయి, కొన్ని గంటల్లోనే ఆ స్పందన ఆపేస్తాయి. సిజేరియన్‌తో తీసిన పిల్లల్లో ఆ మార్పు కనిపించదు. పుట్టే దారిలో తగిలిన ఎల్‌పీఎస్ వల్ల లోపల ఐరాక్-1 అనే సంకేత ప్రోటీను తగ్గిపోవడం ఇందుకు ఒక కారణం. అదే జరక్కపోతే పుట్టిన పిల్ల పేగు నిండా మొదటిరోజే మంట పుట్టేది. పెద్ద చిట్టెలుక మాక్రోఫేజ్‌లలోనూ (బ్యాక్టీరియాను మింగే కణాలు) ఇదే తీరు: ఎల్‌పీఎస్ ఒకసారి తగిలాక పైపొర మీద టీఎల్‌ఆర్‌-4 తగ్గుతుంది, రెండోసారి మంట పుట్టించే టీఎన్‌ఎఫ్ తక్కువ వస్తుంది. గుంటూరు మిర్చియార్డులోకి కొత్తవాడు అడుగుపెడితే తుమ్ములు, దగ్గు, కళ్లలో నీళ్లు. అక్కడే బస్తాలు మోసే హమాలీకి అంత ఇబ్బంది ఉండదు. హమాలీ ముక్కు పనిచేయడం మానేసిందని ఎవరూ అనరు కదా.

దీన్ని టాలరెన్స్ అంటాం. 2007లో రోగనిరోధక శాస్త్రవేత్త రుస్లాన్ మెద్జితోవ్ ల్యాబ్ చూపించిన సంగతి మీ ఫలితానికి సూటిగా తగులుతుంది. ఎల్‌పీఎస్‌కు అలవాటుపడిన చిట్టెలుక మాక్రోఫేజ్‌లలో అన్ని జన్యువులూ ఒకేలా మూతపడవు. మంట పుట్టించే సైటోకైన్ల జన్యువుల మీద మూత పడుతుంది. బ్యాక్టీరియాను నేరుగా చంపే పదార్థాల జన్యువులు తెరిచే ఉంటాయి, కొన్నైతే ముందుకంటే జోరుగా పనిచేస్తాయి. అంటే రెండు వారాల తర్వాత టీఎల్‌ఆర్‌-4 తగ్గిన మీ చిట్టెలుక, బ్యాక్టీరియాను చంపే విషయంలో మెరుగై ఉండే అవకాశం లేకపోలేదు. ఉందని నేను అనడం లేదు. చూడకుండా లేదని రాయడం మాత్రం తప్పు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కులో నడిచేది ట్రెయిన్డ్ ఇమ్యూనిటీ, అంటే ఒకసారి తగిలాక కణం తర్వాత మరింత ఎక్కువగా స్పందించడం. దీనికి పేరుమోసిన ఉదాహరణ బీసీజీ. ఇప్పుడు మన పిల్లలకు భుజానికి వేసే బీసీజీని 1921లో పారిస్‌లో మొదటిసారి ఇచ్చింది నోటి ద్వారానే. 1930లో జర్మనీలోని ల్యూబెక్‌లో నోటి బీసీజీలో తీవ్రమైన క్షయ బ్యాక్టీరియా కలిసిపోయి డెబ్బైమందికి పైగా పసివాళ్లు చనిపోయారు. ఆ ఘోరం నోటి బీసీజీ మీద నమ్మకాన్ని బాగా దెబ్బతీసింది. బీసీజీ తీసుకున్నవాళ్ల మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు నెలల తరబడి వేరే సూక్ష్మజీవులకు కూడా ఎక్కువగా స్పందిస్తాయని 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. దానికి కణం లోపల బ్యాక్టీరియా గోడ ముక్కలను పట్టే నాడ్-2 గ్రాహకం కావాలని కూడా వాళ్లే తేల్చారు. ఆ మార్పు ఉండేది గ్రాహకాల సంఖ్యలో మాత్రమే కాదు, డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీది గుర్తుల్లో. టీఎల్‌ఆర్ ఎంఆర్‌ఎన్‌ఏ ఒక్కటే చూస్తే అది పూర్తిగా కంటికి ఆనదు.

నాడ్ గ్రాహకాలను మీరు అసలు కొలవలేదు. ఇది నాకు పెద్ద లోటుగా కనిపిస్తోంది. మీ మిశ్రమంలో స్టాఫిలోకాకస్ ఉంది, దాని గోడలోని మురామిల్ డైపెప్టైడ్‌ను పట్టేది నాడ్-2. ఈ.కోలై, క్లెబ్సియెల్లా గోడ ముక్కలు రెండింటికీ, ముఖ్యంగా నాడ్-1కు అందుతాయి. పేగులోని బ్యాక్టీరియా గోడ ముక్కలు రక్తంలో కలిసి ఎముక మజ్జదాకా వెళ్తాయనీ, నాడ్-1 ద్వారా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పదునుపెడతాయనీ 2010లో చిట్టెలుకల్లోనే రుజువైంది. అలా పదునెక్కిన న్యూట్రోఫిల్స్ న్యుమోకాకస్‌ను, స్టాఫిలోకాకస్‌ను బాగా చంపాయి. నోట్లో వేసిన మందు ఊపిరితిత్తుల్లో ఎలా పనిచేస్తుందని వైవాలో అడిగితే, చెప్పడానికి మీ దగ్గర ఉండాల్సిన జవాబు ఇది.

టీఎల్‌ఆర్‌-5 కదలకపోవడంలో వింతేమీ లేదు. అది పట్టుకునేది బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోకల్లోని, అంటే ఫ్లాజెల్లాలోని, ఫ్లాజెల్లిన్‌ను. క్లెబ్సియెల్లాకు, స్టాఫిలోకాకస్‌కు ఫ్లాజెల్లా ఉండవు. మీ ఈ.కోలై కదిలే స్ట్రెయిన్ కాకపోతే టీఎల్‌ఆర్‌-5కు అక్కడ పనే లేదు. పైగా చిట్టెలుక చిన్నపేగులో ఆ గ్రాహకం ప్రధానంగా పానెత్ కణాల్లోనూ, పేగు పొర కిందుండే లామినా ప్రొప్రియాలోని కొన్ని సీడీ11సీ కణాల్లోనూ ఉంటుంది. మొత్తం పేగులో దాని వంతు చిన్నది. దీన్ని "స్పందన లేదు" అని కాకుండా "ఆశించినట్టే మార్పు లేదు" అని రాయండి. మీ పద్ధతి కనపడ్డ ప్రతిదాన్నీ పెంచి చూపడం లేదనడానికి ఇది సాక్ష్యం కూడా.

ఇప్పుడు కొలతలోనే తప్పు దొర్లే చోట్లు. టీఎల్‌ఆర్‌-2 ప్రోటీనుకు కావాల్సిన కోడింగ్ భాగమంతా ఒకే ఎక్సాన్‌లో ఉంటుంది. ఇంట్రాన్ దాటేలా ప్రైమర్లు వేసి జీనోమిక్ డీఎన్‌ఏను తప్పించుకుందామంటే ఆ భాగంలో కుదరదు. డీఎన్‌ఏస్ వాడారా? రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని గొట్టం పెట్టి చూశారా? లేకపోతే ముందు ఆ పని చేయండి, తర్వాతే మిగతావి. జీఏపీడీహెచ్ ఒక్కదాన్నే రిఫరెన్స్‌గా పెట్టుకోవద్దు, మంట ఉన్న కణజాలంలో అది నిలకడగా ఉండదు. కనీసం రెండు జన్యువులు పెట్టండి.

24 గంటలకు వచ్చిన పెరుగుదల గురించి ఒక అనుమానం. ఆ సమయానికి పేగులోకి న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు వచ్చి చేరితే, ఒక్కో కణంలో గ్రాహకం ఏమాత్రం పెరగకపోయినా మొత్తం మీద టీఎల్‌ఆర్‌-2, టీఎల్‌ఆర్‌-4 పెరిగినట్టే కనిపిస్తుంది. మిగిలిన సీడీఎన్‌ఏలోనే ఆ కణాల గుర్తులైన ఎల్‌వై6జీ, సీడీ14 జన్యువులు కూడా కొలిచి చూడండి. అవీ అదే నిష్పత్తిలో పెరిగి ఉంటే కొత్త కణాలు వచ్చాయని అర్థం. ఇకముందు పేగు మొత్తం నూరకుండా, మెసెంటరీకి ఎదురు అంచున తెల్లగా ఉబ్బెత్తుగా కనిపించే పేయర్స్ ప్యాచెస్‌ను సన్న కత్తెరతో విడిగా తీయండి. చేతికి అలవాటైతే కష్టమేం కాదు.

చిట్టెలుకల విషయానికొస్తే, స్విస్ ఆల్బినో ఇన్‌బ్రెడ్ జాతి కాదు. ఒకదానికొకటి జన్యుపరంగా తేడా ఉంటుంది కాబట్టి గుంపులో చెదురు ఎక్కువ, ఒక్కో గుంపుకు ఆరేసి చాలవు. అవి ఒకదాని రెట్ట ఒకటి తింటాయి కాబట్టి వ్యాక్సిన్ ఇచ్చినవాటిని, కంట్రోల్‌వాటిని ఒకే పెట్టెలో కలపకూడదు. అలాగని ఒక గుంపు మొత్తాన్ని ఒకే పెట్టెలో ఉంచితే, వచ్చిన తేడా వ్యాక్సిన్‌దో ఆ పెట్టెలో స్థిరపడిన పేగు బ్యాక్టీరియాదో చెప్పలేం. ఒక్కో గుంపును మూడు నాలుగు పెట్టెల్లో ఉంచి, విశ్లేషణలో పెట్టెను లెక్కలోకి తీసుకోండి.

ప్రయోగం ఏ నెలలో చేశారో మీరు రాయలేదు. రోహిణి కార్తెలో మన వైపు కరెంటు పోతే జంతుశాల ఎంత వేడెక్కుతుందో మీకూ తెలుసు. ఆ ఒత్తిడికి కార్టికోస్టెరోన్ పెరిగి సహజ రోగనిరోధక స్పందన అణగిపోతుంది. కొత్తగా చేసేవాళ్ల చేతిలో గవాజ్ కూడా అంతే ఒత్తిడి. మీ రెండు కొలతల మధ్య ఎండలు ముదిరి ఉంటే, రెండో కొలతలో తగ్గుదలకు అదీ ఒక కారణం కావచ్చు. కంట్రోల్ గుంపుకు కూడా బఫర్‌తో అదే సూది, అదే చేయి, అదే సమయం పాటించి ఉంటే మీకు సగం చింత లేనట్టే. ఆ గది ఉష్ణోగ్రత రిజిస్టరు తీసి థీసిస్‌లో పెట్టండి.

మీ జూనియర్లు ఎవరైనా బతికున్న బ్యాక్టీరియా వ్యాక్సిన్‌ను తాగే నీళ్లలో కలిపి ఇద్దామంటే ఆపండి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. నూజివీడు వైపు కోళ్ల ఫారాల్లో రాణిఖేత్ రోగానికి లసోటా వ్యాక్సిన్‌ను నీళ్లలో కలిపేటప్పుడు పాలపొడి వేసేది అందుకే. చిట్టెలుకలకైతే ముందు సోడియం బైకార్బొనేట్ ఇచ్చి కడుపులో ఆమ్లాన్ని తగ్గించి, తర్వాత గవాజ్ చేయడమే సరైన దారి. 20 గ్రాముల చిట్టెలుకకు ఒక విడతలో 0.2 మిల్లీలీటర్లు చాలు.

ఇక మీ దగ్గరున్న పరికరాలతో రెండో కొలత ఎలా చేయాలో చెబుతాను. వ్యాక్సిన్ గుంపు, కంట్రోల్ గుంపు రెండింటి నుంచీ పొట్ట కుహరాన్ని చల్లని పీబీఎస్ (ఉప్పు బఫర్) 5 మిల్లీలీటర్లతో కడిగి మాక్రోఫేజ్‌లను తీయండి. 96 గుంటల ప్లేటులో గుంటకు లక్ష కణాలు వేసి, రెండు గంటలు అతుక్కోనిచ్చి కడిగేయండి. తర్వాత కొన్ని గుంటలకు ఎల్‌పీఎస్ మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు, కొన్నింటికి టీఎల్‌ఆర్‌-2ను తట్టే పామ్3సీఎస్‌కే4, కొన్నింటికి మురామిల్ డైపెప్టైడ్, కొన్నింటికి ఏమీ లేకుండా. ఎల్‌పీఎస్ కొనేటప్పుడు అతి శుద్ధమైన రకమే అడగండి. మామూలు రకంలో లైపోప్రోటీన్లు కలిసి ఉంటాయి, అవి టీఎల్‌ఆర్‌-2ను తట్టి లెక్క చెడగొడతాయి. 6 గంటలకు కొంత ద్రవం తీసి టీఎన్‌ఎఫ్, 24 గంటలకు ఐఎల్-6, ఐఎల్-10 ఎలైసా చేయండి. మిగిలిన ద్రవంలో గ్రీస్ పద్ధతిలో నైట్రైట్ చూడండి. 540 నానోమీటర్ల ఫిల్టర్ ఉంటే మీ ఎలైసా రీడరే చాలు, ఖర్చూ స్వల్పమే. ఏ ఉద్దీపన లేని మాక్రోఫేజ్‌లు నైట్రైట్ పెద్దగా చేయవు కాబట్టి, నైట్రైట్ చూసే గుంటలకు ఇంటర్‌ఫెరాన్-గామా కూడా కలపండి.

ఫలితం ఇలా చదవండి. టీఎన్‌ఎఫ్ తగ్గి, మంటను అణిచే ఐఎల్-10 పెరిగి, నైట్రైట్ నిలబడితే అది టాలరెన్స్, కణం చంపే శక్తి పోగొట్టుకోలేదు. ఎల్‌పీఎస్‌కూ మిగతా రెండింటికీ టీఎన్‌ఎఫ్ పెరిగితే ట్రెయినింగ్ వైపు మొగ్గినట్టు. ఎల్‌పీఎస్‌కు మాత్రమే తగ్గి మిగతావాటికి మారకపోతే, టీఎల్‌ఆర్‌-4 తగ్గుదల నిజంగా ఆ దారికే పరిమితమని నమ్మవచ్చు. అన్నీ పడిపోతే మాత్రం మీ సీనియర్ల మాటలో బలం ఉంది, అప్పుడు నిస్సంకోచంగా అలాగే రాయండి.

దీంతోపాటు రెట్టలో ఐజీఏ (పేగులోకి ఊరే యాంటీబాడీ) కూడా చూడండి. 100 మిల్లీగ్రాముల తాజా రెట్టను ప్రోటియేజ్ నిరోధకం కలిపిన 1 మిల్లీలీటరు పీబీఎస్‌లో కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి పైద్రవం తీయండి. మీరు ఇచ్చిన బ్యాక్టీరియానే ప్లేటుకు అతికించి ఎలైసా చేయండి. మొత్తం ఐజీఏతో భాగిస్తే చిట్టెలుకకూ చిట్టెలుకకూ ఉన్న తేడా సర్దుకుంటుంది. నోటి వ్యాక్సిన్ అనేది గ్రాహకాలను తట్టి చివరికి చేయించాల్సిన పనుల్లో ఇది ముఖ్యమైనది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 2009లో తెచ్చిన షాన్‌కాల్ అనే నోటి కలరా వ్యాక్సిన్‌లో స్పందనను పెంచే వేరే అడ్జువెంట్ ఏదీ ఉండేది కాదు, అందులో ఉండేది చంపిన కలరా బ్యాక్టీరియా మాత్రమే. తన గోడలోని ఎల్‌పీఎస్‌తో గ్రాహకాలను తట్టేదీ, యాంటీబాడీలకు లక్ష్యమయ్యేదీ ఆ బ్యాక్టీరియానే.

మీ అక్క కొడుకు విషయం వేరుగా చూడాలి. మీ చిట్టెలుకల ఫలితం చూసి ఆ పిల్లవాడికి క్యాప్సూల్ వేయించవద్దు, మాన్పించనూ వద్దు. మనుషుల్లో టీఎల్‌ఆర్‌లు పది. చిట్టెలుకలో పన్నెండు పనిచేస్తాయి. మనకున్న టీఎల్‌ఆర్‌-10 దానిలో పనిచేయదు, దానికున్న టీఎల్‌ఆర్‌-11, 12, 13 మనలో పనిచేయవు. బ్యాక్టీరియా రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను చిట్టెలుక పట్టుకునేది టీఎల్‌ఆర్‌-13తోనే. ఇలాంటి బ్యాక్టీరియా లైసేట్ (చితికిన బ్యాక్టీరియాతో చేసిన) మందులను యూరప్ ఔషధ సంస్థ 2019లో సమీక్షించి, మళ్లీమళ్లీ వచ్చే శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల నివారణకే వాడాలని, ఉన్న ఇన్ఫెక్షన్‌కు చికిత్సగానూ, న్యుమోనియా నివారణకూ వాడవద్దని తేల్చింది. న్యుమోకాకల్ టీకాతో సహా మామూలు టీకాలన్నీ బాబుకు పూర్తయ్యాయా అని మీ అక్కను ముందు అడగండి. ఇంట్లో పొగ తాగేవాళ్లున్నారా, ఉబ్బసం ఉందేమో చూశారా అన్నవి పిల్లల డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సినవి. ఇవన్నీ వదిలేసి క్యాప్సూల్ వేస్తే పెద్దగా ఉపయోగం ఉండదు.

మీ సమయం మిగిలితే, బతికున్న సాల్మొనెల్లా లాంటిది ఎక్కించి రక్షణ ఉందో లేదో చూడాలనిపిస్తుంది. ఆశ మంచిదే. కానీ దానికి మీ పాత అనుమతి పనికిరాదు. కాలేజీ జంతు ఎథిక్స్ కమిటీకి ఫారం-బి సవరణ పెట్టి, కొత్త సంఖ్య, కొత్త బ్యాక్టీరియా, బయోసేఫ్టీ ఏర్పాట్లు రాసి ఆమోదం వచ్చాకే మొదలుపెట్టాలి. చావు లెక్కపెట్టే ప్రయోగం పెట్టుకోవద్దు. ఎక్కించిన కొద్ది రోజులకే ప్లీహం, కాలేయం తీసి బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెడితే అదే జవాబు తక్కువ బాధతో వస్తుంది. అంతకంటే ముందే ఏ చిట్టెలుకైనా మొదటి బరువులో 20 శాతం కోల్పోతే దాన్ని అక్కడితో ప్రయోగం నుంచి తప్పించి, నొప్పి లేకుండా ముగించాలని ఆ ఫారంలో స్పష్టంగా రాయండి.